నైజాం రాజ్యపు తొలి దేశపటం, దాని నిర్మాతలు

భూగోళశాస్త్రం తరగతిలో ఉపాధ్యాయుడు చేసే మొదటి పని గోడకు దేశపటం తగిలించడం. ఇది గోదావరి, ఇది కృష్ణ, ఇది హైదరాబాదు అని కర్రతో చూపుతూ చెబుతాడు. విద్యార్థులు పుస్తకాలలో దింపుకుంటారు. అయితే ఆ గీతలను మొట్టమొదట గీసినవారెవరు, ఏ పనిముట్లతో గీశారు, నది సరిగ్గా అక్కడే వంపు తిరుగుతుందని వారికెట్లా తెలిసింది అని అడిగే విద్యార్థి అరుదు. అడిగితే మాత్రం ఆ ప్రశ్నలో గణితం ఉన్నది, చరిత్ర ఉన్నది, కొంత అన్యాయం కూడా ఉన్నది.

హైదరాబాదుకు వాయవ్య దిశలో ఉన్న లింగంపల్లిని ఉదాహరణగా తీసుకుందాం. సికింద్రాబాదు నుండి వాడికి పోయే రైలుమార్గం మీద ఇదొక స్టేషను. ఆ మార్గం 1874లో వేసినది. 1974లో స్థాపించిన హైదరాబాదు విశ్వవిద్యాలయం దీనికి చేరువనే ఉన్నది. చుట్టుపట్ల ఉన్న రాతిగుట్టల నడుమ నేడు కంప్యూటరు సంస్థల మేడలు లేచినవి. ఈ ఊరు భూగోళం మీద ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 29 నిమిషాలకు, తూర్పు రేఖాంశం 78 డిగ్రీల 19 నిమిషాలకు దాపున ఉన్నది. నేడు ఈ అంకెలు ఆకాశం నుండే, అనగా ఉపగ్రహాల నుండే, మన చేతిలోని ఫోనుకు క్షణంలో దిగుతున్నవి. రెండువందల ఇరవై ఏండ్ల క్రిందట మాత్రం ఈ అంకెల కొరకు మనుషులు కొండలెక్కారు, అడవులలో జ్వరాలపాలయ్యారు, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.

పటంలో ఖాళీగా ఉన్న దేశం

గోలకొండ వజ్రాల పేరు ఐరోపాలో వినని వర్తకుడు లేడు. మచిలీపట్నం రేవు కూడ వారికి సుపరిచితమే. సముద్రతీరం ఓడలవారి సొత్తు కాబట్టి దాని గీత పటాలలో చాలవరకు సరిగానే ఉండేది. తీరం దాటి లోపలికి వస్తే చిక్కు మొదలయ్యేది. ఫ్రెంచి పటకర్త దాన్విల్ 1752లో భారతదేశపు పటం ఒకటి ప్రకటించాడు. ఊహతో కొండలను, నదులను నింపడం కంటె ఖాళీగా వదలడమే నిజాయితీ అని నమ్మినవాడు కాబట్టి అతని పటంలో తెలియని చోట్లు తెల్లగా మిగిలినవి. బెంగాలు సర్వే చేసిన జేమ్సు రెనెల్ 1782లో హిందూస్థాన పటాన్ని, 1788లో దాని కొత్త రూపాన్ని వెలువరించాడు. దక్కను విషయంలో రెనెల్‌కు దొరికిన ముఖ్యమైన ఆధారం ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం నడిచిన దారుల లెక్కలే.

సైన్యం నడిచిన దారినిబట్టి పటం ఎట్లా గీస్తారు? ఒక మనిషి కొలతచక్రాన్ని నేలపై దొర్లించుకుంటూ నడుస్తాడు. చక్రం ఎన్ని చుట్లు తిరిగినదో ఒక ముల్లు చూపుతుంది. చుట్టుకొలతను చుట్ల సంఖ్యతో హెచ్చిస్తే దూరం వస్తుంది. ఇంకొకడు దిక్సూచిలో చూసి దారి ఏ దిక్కుకు పోతున్నదో వ్రాసుకుంటాడు. సాయంత్రం డేరాలో కూర్చుని ఈ రెంటినీ కలిపి కాగితం మీద గీత గీస్తారు.

ఇందులో దోషం ఎక్కడున్నదో విద్యార్థులు సులభంగానే కనిపెట్టగలరు. దారి నిటారుగా పోదు. చెరువు వస్తే చుట్టి వస్తుంది, గుట్ట వస్తే ఎక్కి దిగుతుంది. చక్రం ఈ వంపులనన్నిటినీ దూరంగానే లెక్కపెడుతుంది. నిజానికి పది మైళ్ళ ఎడమున్న రెండు ఊళ్ళు చక్రం లెక్కలో పన్నెండు మైళ్ళు కావచ్చును. ఒక్క మజిలీలో రెండు మైళ్ళు తప్పితే, ముప్ఫై మజిలీలు పోయిన సైన్యం పటం ఏ గతికి వస్తుందో ఊహించండి. ఒక తప్పు మరొక తప్పుతో కలుస్తుందే గాని, తప్పును పట్టి ఇచ్చే ఉపాయం ఈ పద్ధతిలో లేదు.

నక్షత్రాలను చూసి సరిదిద్దుకోరాదా అని అడగవచ్చును. అక్షాంశం వరకు అది సాధ్యమే. మధ్యాహ్న సూర్యుని ఎత్తునో, ధ్రువనక్షత్రపు ఎత్తునో కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. రేఖాంశంతోనే కష్టం. భూమి ఇరవైనాలుగు గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. రెండు ఊళ్ళ స్థానిక కాలాల తేడా తెలిస్తేనే వాటి రేఖాంశాల తేడా తెలుస్తుంది. లింగంపల్లి ఉన్న అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106 కిలోమీటర్లు. అనగా గడియారం ఒక్క నిమిషం తప్పితే ఊరు ఇరవై ఆరు కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది! లింగంపల్లి గోలకొండను దాటి ఎక్కడికో పోతుందన్నమాట. అందుకే 1792లో మద్రాసులో నక్షత్రశాల ఏర్పడినప్పుడు, దాని రేఖాంశాన్ని గురుగ్రహపు ఉపగ్రహాల గ్రహణాలను గమనించి జాగ్రత్తగా నిర్ణయించారు. దక్షిణదేశపు పటాలకు అదే మొదటి మేకు అయినది.

మెకంజీ రాక

స్కాట్లండుకు పడమర సముద్రంలో లూయిస్ అనే దీవి ఉన్నది. అక్కడి స్టోర్నోవే పట్టణంలో పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. కొలది కాలానికే ఇంజనీర్ల దళంలో ప్రవేశించాడు. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధం 1792లో శ్రీరంగపట్నం సంధితో ముగిసినది. ఆ సంధి వలన కడప మొదలైన సీమలు నైజాం అలీఖాను వాటాకు వచ్చినవి. కంపెనీ తన మిత్రుడైన నైజాము వద్ద ఉంచిన సేనకు మెకంజీని ఇంజనీరుగా, సర్వేదారుగా నియమించినది.

కంపెనీకి ఈ పటం మీద అంత ఆసక్తి ఎందుకు? అది కేవలం జ్ఞానతృష్ణ కాదు. ఏ కనుమ గుండా ఫిరంగులు దాటగలవు, ఏ చెరువు దగ్గర సేనకు నీరు దొరుకుతుంది, ఏ నది ఏ నెలలో కాలినడకకు వీలిస్తుంది అన్న సంగతులు తెలిసినవాడిదే దేశం. నైజాము ఉద్యోగులకు ఈ రహస్యం తెలియనిది కాదు. స్నేహితుడే అయినా, ఇంటికి వచ్చి గదులు కొలుస్తూ ఉంటే గృహస్థుకు అనుమానం రాకమానదు గదా. వాతావరణం, చాలీచాలని డబ్బు, స్థానిక ప్రభుత్వపు తీరు, పరస్పర విరుద్ధమైన స్వార్థాలు తన పనికి అడ్డుతగిలినవని మెకంజీ తరువాతి కాలంలో ఒక మిత్రునికి వ్రాసిన జాబులో చెప్పుకున్నాడు.

అయినా పని సాగినది. 1794లో అతడు శ్రీశైలం పోయి ఆలయాన్ని చూసి, దాని వర్ణనను తరువాత కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వారి సంపుటంలో ప్రకటించాడు. 1796లో నైజాం రాజ్యమంతటికీ ఒక సాధారణ పటం తయారు చేసి, దానితోపాటు ఒక వివరణ గ్రంథాన్ని కూడ కంపెనీ ప్రభుత్వానికి సమర్పించాడు. ఆ రాజ్యమంతా ఒక్క పటంగా ప్రభుత్వం ముందుకు రావడం అదే మొదటిసారి.

ఈ పటం విషయంలో గమనించదగిన సుగుణం ఒకటున్నది. ఇది సంపూర్ణమని మెకంజీ చెప్పుకోలేదు. పలు తరగతుల ప్రామాణ్యం గల పలు ఆధారాలనుండి కూర్చినదనీ, ముందు ముందు సవరించుకోవడానికి ఒక నమూనా మాత్రమేననీ, ఇంకా ఏమి చేయవలసి ఉన్నదో తెలపడమే దీని ఉద్దేశమనీ అతడు స్పష్టంగా పేర్కొన్నాడు. శాస్త్రజ్ఞునికి ఉండవలసిన లక్షణం ఇదే. తెలిసినదానిని తెలిసినంతవరకే చెప్పి, తెలియనిదానికి హద్దు గీయాలి.

ఏలూరి సోదరులు

మెకంజీకి కొలతలు వచ్చును. భాషలు రావు. సంస్కృతం, తెలుగు, కన్నడం, తమిళం ఏవీ రావు. భాష రానివాడు నదిని గీయగలడు గాని దాని పేరు వ్రాయలేడు. కొండను కొలవగలడు గాని అది ఏ ఊరి హద్దులోనిదో చెప్పలేడు. ఈ లోటును తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు: వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి.

వీరిలో బొర్రయ్య 1796 ప్రాంతంలో మెకంజీతో కలిశాడు. అప్పటికతడు పడుచువాడు. పలుభాషలు నేర్చినవాడు, చదవడానికి కష్టమైన పాత శాసనాల లిపిని విడదీయగల నేర్పు కలవాడు. తాను భారతీయ విజ్ఞానమనే భవనపు గుమ్మంలో అడుగు పెట్టినది ఇతని పరిచయంతోనే అని మెకంజీ స్వయంగా ఒప్పుకున్నాడు. 1799లో టిప్పు పతనమైన తరువాత మెకంజీ మైసూరు సర్వేకు అధిపతి అయ్యాడు. బొర్రయ్య కూడ ఆ పనిలో ఉంటూ 1803లో చిన్నవయసుననే మరణించాడు. అతని స్థానాన్ని తమ్ముడు లక్ష్మయ్య పూరించాడు. ఇంటికొకడు చొప్పున కాదు, ఒకే ఇంటినుండి ముగ్గురు ఈ మహాకార్యానికి పూనుకున్నారు.

వీరు చేసిన పనిని తేలికగా అనువాదకుల పని అనుకోరాదు. సర్వే బృందం ఒక ఊరికి వస్తుంది. ఊరివారు భయపడతారు, పన్ను పెంచడానికి వచ్చారని అనుకుంటారు. కరణం లెక్కలు దాచిపెడతాడు. అట్టి చోట నమ్మకంగా మాటలాడి, ఊరి పుట్టుపూర్వోత్తరాలు అడిగి, దేవాలయపు శాసనం చదివి, మాన్యాల వివరాలు వ్రాసి తీసుకోవడం ఈ సోదరులు, వారు శిక్షణ ఇచ్చిన సహాయకులు చేసేవారు. ఊరూరా వ్రాయించిన ఆ వృత్తాంతాలే నేడు మనం కైఫీయతులు అని పిలిచే చారిత్రక నిధి.

కొలతల పక్షాన కూడ పేరు చెప్పుకోనివారు ఉన్నారు. 1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ పూనికతో ఒక సర్వే పాఠశాల ఏర్పడినది. అనాథ శరణాలయం నుండి తెచ్చిన పిల్లలకు అక్కడ గణితం, పటాలు గీయడం నేర్పారు. వీరిలో చాలామంది ఐరోపా తండ్రులకు, భారతీయ తల్లులకు పుట్టినవారు. తరువాతి కాలంలో దక్షిణదేశపు పొలిమేరలను అడుగడుగునా కొలిచినది ఈ కుర్రవాళ్ళే.

పేర్లలో దాగిన చరిత్ర

పటంలో గీత ఎంత ముఖ్యమో పేరు అంత ముఖ్యం. లింగంపల్లి అనే పేరునే చూడండి. లింగం, పల్లి అనే రెండు మాటలు ప్రతి తెలుగు బిడ్డకు తెలిసినవే. ఈ పేరుగల ఊళ్ళు తెలుగుదేశంలో ఎన్నో ఉన్నవి. ఏ లింగంపల్లి ఏదో తేల్చుకోకపోతే పటంలో ఒక ఊరు మరొక ఊరి చోటికి పోతుంది. అందుకే శేరిలింగంపల్లి వంటి విశేషణాలతో కూడిన పేర్లు పుట్టినవి. పొరుగున ఉన్న కొండాపురంలో కొండ ఉన్నది. గచ్చిబౌలిలో బౌలి, అనగా మెట్లబావి, ఉన్నది. హఫీజుపేటలో, మియాపురంలో పారసీక, తెలుగు మాటలు చేతులు కలుపుకున్నవి. ఇట్టి పేర్లను చెవితో విని ఇంగ్లీషు అక్షరాలలో పెట్టేటప్పుడు ళకారం పోతుంది, దీర్ఘం పోతుంది, ఒత్తు పోతుంది. భాష తెలిసినవాడు పక్కన లేకపోతే పోయినది మళ్ళీ రాదు. పటానికి తెలుగు తెలిసిన పండితుని అవసరం ఇంత ఉన్నది.

పటంలో ఎవరి పేర్లు ఉంటాయి అనే ప్రశ్న ఒక్క మన దేశానిదే కాదు. కరిబియన్ సముద్రంలోని బార్బడోస్ దీవికి రిచర్డు లిగన్ అనే ఇంగ్లీషువాడు 1647లో పోయాడు. 1657లో అచ్చయిన అతని గ్రంథంలో ఆ దీవి పటం ఉన్నది. తీరం వెంబడి చెరకుతోటల యజమానుల పేర్లు వరుసగా వ్రాసి ఉన్నవి. ఆ తోటలలో చెమటోడ్చిన ఆఫ్రికా బానిసలలో ఒక్కరి పేరైనా లేదు. పైగా, పారిపోతున్న బానిసల మీద గుర్రపురౌతు తుపాకి పేలుస్తున్న బొమ్మ ఆ పటంలోనే ఉన్నది! పటం భూమిని చూపుతుంది. భూమితోపాటు దానిని గీయించినవారి చూపును కూడ చూపుతుంది. నైజాం రాజ్యపు పటం బానిసల దీవి పటం కాదు, నిజమే. అయినా గీయించిన ప్రభువు పేరు ముందుకు రావడం, సహాయకుల పేర్లు వెనుకకు పోవడం అనే పద్ధతి రెండు చోట్లా ఒక్కటే.

త్రిభుజాల వల

మెకంజీ నమూనా పటంలోని లోట్లు తీరడానికి కొత్త పద్ధతి కావలసి వచ్చినది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింటు థామస్ కొండ సమీపాన ఆధారరేఖ కొలవడం ప్రారంభించాడు. నూరడుగుల ఉక్కు గొలుసును నాలుగువందల సార్లు పరచి సుమారు ఏడున్నర మైళ్ళు కొలవడానికి 57 రోజులు పట్టినది. ఇంత నిదానం ఎందుకు? ఎండకు ఉక్కు పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలను కూడ లెక్కలోకి తీసుకోవాలి. ఈ ఒక్క రేఖ తప్పితే దాని మీద కట్టిన పటమంతా తప్పుతుంది.

ఆధారరేఖ కొలిచిన తరువాత దూరాలను నేలపై కొలిచే పని చాలవరకు ఉండదు. కోణాలు కొలిస్తే చాలు. దీనిని లింగంపల్లి దగ్గరి ఏదైనా మైదానంలో విద్యార్థులు స్వయంగా చేసి చూడవచ్చును. మైదానంలో వెయ్యి మీటర్ల ఎడంలో రెండు జెండాలు పాతండి. దూరాన ఒక గుట్టమీది పెద్దబండను గురిగా ఎంచుకోండి. మొదటి జెండా వద్ద కోణం 70 డిగ్రీలు, రెండవ జెండా వద్ద 60 డిగ్రీలు వచ్చినవనుకుందాం. అప్పుడు బండ వద్ద కోణం 50 డిగ్రీలు. త్రికోణమితిలోని సైన్ల సూత్రం ప్రకారం మొదటి జెండా నుండి బండ దూరం 1000ను 60 డిగ్రీల సైనుతో హెచ్చించి 50 డిగ్రీల సైనుతో భాగిస్తే వస్తుంది. అది సుమారు 1,130 మీటర్లు. రెండవ జెండా నుండి సుమారు 1,227 మీటర్లు. గుట్ట ఎక్కకుండానే, నడుమ ఉన్న చెరువు దాటకుండానే దూరం తెలిసినది. ఈ కొత్త భుజాన్ని ఆధారం చేసుకొని మరొక త్రిభుజం, దాని భుజం మీద ఇంకొక త్రిభుజం. ఇట్లా దేశమంతటా వల అల్లుకుపోతుంది.

ఈ పద్ధతిలోని గొప్పతనం తప్పును తానే బయటపెట్టడం. మూడు కోణాలనూ విడివిడిగా కొలిస్తే మొత్తం 180 డిగ్రీలు రావాలి. మరీ పెద్ద త్రిభుజాలలో భూమి గుండ్రదనం వలన దానికి కొద్దిగా మించాలి. రాకపోతే మళ్ళీ కొలవాలి. వందల మైళ్ళు పోయిన తరువాత మరొక ఆధారరేఖను గొలుసుతో కొలిచి, లెక్కలో వచ్చిన పొడవుతో సరిపోల్చుకుంటారు. లాంబ్టన్ ఈ విధంగా మద్రాసు నుండి మంగుళూరు వరకు కొలిచి చూస్తే, పాత పటాలలో ద్వీపకల్పపు వెడల్పు సుమారు నలభై మైళ్ళు ఎక్కువగా ఉన్నట్లు తేలినది!

ఈ వల 1815 నాటికి మన ప్రాంతానికి వచ్చినది. బీదరుకు దాపున దామరగిద్ద వద్ద లాంబ్టన్ ఆధారరేఖ కొలిపించాడు. లింగంపల్లి నుండి వాయవ్య దిశగా పోతే ఆ స్థలం వంద కిలోమీటర్ల లోపే ఉంటుంది. 1818లో ఈ కార్యానికి మహా త్రికోణమితీయ సర్వే అనే పేరు వచ్చినది. ఆ సంవత్సరాంతాన హైదరాబాదులో లాంబ్టన్ వద్ద సహాయకునిగా చేరిన యువకుడే జార్జి ఎవరెస్టు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి 1865లో పేరు పెట్టినది ఇతనిదే.

కృష్ణా గోదావరుల నడుమ ఎవరెస్టు 1819లో పనిచేశాడు. వానకాలంలో గాలిలోని దుమ్ము అణగిపోయి దూరపు కొండలు తేటగా కనిపిస్తాయి. కాబట్టి సర్వేకు అదే అనువైన కాలం. అడవిలో చలిజ్వరాలకు కూడ అదే అనువైన కాలం. దోమకాటుకు, మలేరియాకు సంబంధమున్నదని రొనాల్డు రాస్ సికింద్రాబాదులో 1897లో నిరూపించే వరకు ఎవరికీ తెలియదు. ఎవరెస్టూ, అతని పరివారమూ జ్వరాలపాలయ్యారు. కొందరు మరణించారు. ఎవరెస్టును హైదరాబాదుకు మోసుకొని రావలసి వచ్చినది. మరుసటి ఏడు అతడు ఆరోగ్యం కొరకు దక్షిణాఫ్రికాకు పోయాడు. నైజాం రాజ్యంలో వివరమైన సర్వే 1816 నుండి నడిపిన జేమ్సు గార్లింగు 1820లో మరణించాడు. లాంబ్టన్ 1823 జనవరి 20న హింగన్‌ఘాటులో కన్నుమూశాడు. సర్వేకు వైద్యునిగా, భూగర్భశాస్త్రజ్ఞునిగా వచ్చి హైదరాబాదు ప్రాంతపు శిలలను పరిశీలించిన హెన్రీ వాయిసీ 1824లో పోయాడు. జెండాలు మోసిన కూలీలలో, అడవి నరికిన బోయలలో ఎందరు పోయారో వారి పేర్లు ఎక్కడా లేవు.

వీరి శ్రమ వృథా కాలేదు. దామరగిద్ద అక్షాంశమైన 18 డిగ్రీల 3 నిమిషాలు మొదలుకొని ఉత్తరంగా 24 డిగ్రీల 7 నిమిషాల వరకు కొలిచిన చాపాన్ని గురించి ఎవరెస్టు 1830లో గ్రంథం ప్రకటించాడు. ఆ సంవత్సరం పేరుతోనే పిలవబడే ఎవరెస్టు గోళాభం, అనగా ధ్రువాల వద్ద కొంచెం నొక్కుకుపోయిన భూమి ఆకారానికి గణితరూపం, ఇరవయ్యో శతాబ్దమంతటా భారతదేశపు పటాలకు పునాదిగా ఉన్నది. తెలంగాణ నేలమీద పరచిన గొలుసు భూమి ఆకారాన్ని చెప్పడానికి ఉపకరించినదన్నమాట.

తెలుగువాని పేరుతో ఒక పటం

మెకంజీ 1815లో భారతదేశానికంతటికీ మొదటి సర్వేయరు జనరల్ అయి, 1821 మే 8న కలకత్తా సమీపాన మరణించాడు. అతడు కూడబెట్టిన సేకరణకు హెచ్. హెచ్. విల్సన్ 1828లో పట్టిక ప్రచురించాడు. అందులో శాసనాల ప్రతులు 8,076, చిత్రాలు 2,630, నాణేలు 6,218, పటాలు 79 ఉన్నవి.

సరిగ్గా ఆ 1828లోనే కలకత్తాలో మరొక పుస్తకం వెలువడినది. దాని కర్త కావలి వెంకట రామస్వామి. దక్కనులోని పట్టణాలను, స్థలాలను గురించిన వర్ణనాత్మక చారిత్రక గ్రంథమది. దానిని అతడు వ్రాసినది ప్రాచీన దక్కను పటానికి వివరణగా. అనగా దొరల పటాలకు పేర్లు సమకూర్చిన కుటుంబంలోని వాడు, ఇప్పుడు తన పేరుతో దక్కనును పటంలో చూపి, దాని ఊళ్ళ చరిత్ర తానే చెప్పాడు. మరుసటి ఏడు దక్కను కవుల జీవితాలను కూడ ఇంగ్లీషులో ప్రకటించాడు. అందులో తన అన్న బొర్రయ్యకు చోటు ఇవ్వడం మరువలేదు.

లక్ష్మయ్య సంగతి వేరు. మద్రాసులో హిందూ సాహిత్య సంఘానికి అధ్యక్షుడై, మెకంజీ వదలిన పనిని కొనసాగించడానికి తనకు అవకాశమిమ్మని అతడు కోరాడు. ప్రభుత్వం ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమడిగినది. 1836లో ఆ సంఘం, జేమ్సు ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉండగా, లక్ష్మయ్యకే కాదు, ఏ భారతీయునికీ అట్టి పనికి తగిన సామర్థ్యం ఉండదనే భావంతో బదులిచ్చినది. నలభై ఏండ్ల అనుభవం గల కుటుంబానికి ఆ సమాధానం! ఈ ప్రిన్సెప్ సామాన్యుడు కాడు. అశోకుని బ్రాహ్మీలిపిని చదివిన మేధావి. శాస్త్రంలో గొప్పవాడైనవాడు మనుషులను తూచడంలో ఇంత పొరపడగలడని తెలుసుకోవడం విద్యార్థులకు మంచిది. తరువాతి కాలంలో సి. పి. బ్రౌను తెలుగు కైఫీయతులకు ప్రతులు వ్రాయించి, నశించిపోయే వాటిని కొంతవరకు నిలిపాడు.

లండనులో ఉన్న ఒక చిత్రం ఈ కథకు సాక్ష్యం చెబుతున్నది. 1816లో థామస్ హికీ వేసిన ఆ తైలవర్ణ చిత్రంలో ఎర్రకోటు తొడిగిన మెకంజీ నడుమ నిలబడి ఉన్నాడు. అతని చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు. వారిలో ఒకడు దూరదర్శిని పట్టుకొని ఉన్నాడు. చిత్రకారుడు వీరిని కూడ చిత్రించాడు కాబట్టి వారి ముఖాలైనా మనకు మిగిలినవి.

పాత పటం నేటికి ఎందుకు?

1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణకు పథకం వేయించారు. గండిపేట, హిమాయత్‌సాగరు జలాశయాలు దాని ఫలమే. ఆ తరువాతి సంవత్సరాలలో లియొనార్డు మున్ ఆధ్వర్యాన నగరాన్ని వీధి వీధి, ఇల్లు ఇల్లు కొలిచి వందలాది రేకులుగా పటాలు తయారు చేశారు. వాటిలో బావి, చెట్టు, మెట్టు కూడ కనిపిస్తాయి. నేడు నగరచరిత్ర వ్రాసేవారికి, పాత కట్టడాలను కాపాడేవారికి అవి పెన్నిధి.

లింగంపల్లి వంటి చోట ఈ విషయం మరింత ముఖ్యం. ఈ నేల నల్లరాతి నేల. వాననీరు లోపలికి ఇంకదు. అందుకే పూర్వులు పల్లపు వరుసలో చెరువు క్రింద చెరువు కట్టి, పై చెరువు అలుగు పారితే క్రింది చెరువు నిండేటట్లు ఏర్పాటు చేశారు. ఇండ్లు పెరిగిన కొలదీ చెరువు కుంట అయినది, కుంట వీధి అయినది. వానకాలంలో నీరు మాత్రం తన పాత దారిని మరువదు. చెరువు పూర్తి మట్టం ఎంతవరకు, అలుగు ఎటు పారేది అనే తగవు వచ్చినప్పుడు మనుషుల జ్ఞాపకం ఒకరిది ఒకలాగ ఉంటుంది. కొలిచి గీసిన పాత పటం మాత్రం ఒకే మాట చెబుతుంది. బాలానగరంలోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలు నేటి రూపాన్ని చూపగలవు. ఉపగ్రహాలు లేని నాటి రూపాన్ని చూపగలిగినది పాత పటమే. రెంటినీ ఒకదానిపై ఒకటి పరచి చూస్తేనే పోయినదేమిటో తెలుస్తుంది.

ఉపాధ్యాయులు ఈ ఏడు తమ విద్యార్థులచేత ఊరి పటం ఒకటి గీయించవచ్చును. దానికి ఖరీదైన పనిముట్లు అక్కరలేదు. టేపు ఒకటి, కోణమానిని ఒకటి, కర్రలు నాలుగు చాలు. ఆధారరేఖను రెండుసార్లు కొలవండి. ప్రతి త్రిభుజంలోనూ మూడు కోణాలు కొలిచి మొత్తం చూడండి. చెరువు పేరు, గుట్ట పేరు, బావి పేరు ఊరిలోని ముసలివారిని అడిగి వారు పలికినట్లే తెలుగులో వ్రాయండి. తెలియని చోటును ఊహతో నింపక ఖాళీగా వదలండి. పని ముగిసిన తరువాత పటం క్రింది మూలన దానిని తయారు చేసినవారందరి పేర్లు వ్రాయండి. గొలుసు పట్టినవాడి పేరు, కర్ర మోసినవాడి పేరు, చెరువు పేరు చెప్పిన అవ్వ పేరు కూడ అందులో ఉండాలి.